317 పెట్టెకి మూడో మెట్టు

జేన్స్‌విల్, ఒహాయో
1982 అక్టోబరు 3

అంబ్రోస్ బావా,

నీకు చెవులు సరిగ్గా వినబడవు కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు. నాకు కళ్ళు పోతున్నాయి కాబట్టి ఉత్తరాలు రాసే రోజులు కూడా ఎక్కువ లేవు. అందుకని సూటిగా విషయానికి వస్తున్నాను, నువ్వూ దయచేసి సూటిగా జవాబివ్వు.

డాక్టరు తేల్చి చెప్పేశాడు. కుడి కన్ను మధ్యలో చూపు పోయింది. ఎడమది మొదలైంది. ఇంకో ఏడాది సన్నపని చేసుకోవచ్చట, ఆ తర్వాత పట్టకారు పట్టుకునే పని మానేయాలట. నలభై ఏళ్ళు చేతి గడియారాలు బాగుచేసి బతికిన వాడితో ఈ మాట ఎంత తేలిగ్గా అన్నాడో! అరుస్తూ బయటికొచ్చాను. నర్సు నా టోపీ పట్టుకుని వెనకాలే వచ్చింది.

బొమ్మ రైళ్ళు కట్టే మా సంఘం సంగతి నీకు తెలుసు. నువ్వు బొమ్మలాట అని వెక్కిరిస్తావు, వెక్కిరించు. ఎనిమిది గూడ్సు పెట్టెలు ఎవరికి వాళ్ళు సొంతంగా కట్టాలి. కొన్న ముక్కలు అతికిస్తే కుదరదు, చెక్క చీల్చడం దగ్గర్నుంచీ అన్నీ మన చేత్తోనే. ఎనిమిదిలో నాలుగింటికి ఎనభై ఏడున్నర మార్కులు దాటితే పట్టా ఇస్తారు. నేను పదకొండేళ్ళలో ఏడు కట్టాను. మూడు గట్టెక్కాయి. ఈ ఎనిమిదోది గట్టెక్కకపోతే ఇక తొమ్మిదోది ఉండదు, అంతే.

ఎనిమిదోది మీ కోల్డ్ ఫోర్క్ రైలు లైను పెట్టె కడుతున్నాను. నంబరు 317. మీ షాపులో, నువ్వు మేస్త్రీగా ఉండి, దగ్గరుండి కట్టించిన పన్నెండింట్లో ఒకటి. నలభై అడుగుల పెట్టె నా బల్ల మీద పది అంగుళాలవుతుంది. పక్కగోడల కొలతలు దొరికాయి. కొసగోడ మాత్రం ఎక్కడా లేదు. ఆ పన్నెండూ ఎప్పుడో విరిచి తగలబెట్టారు. ఉన్నది ఒకే ఒక్క ఫోటో, 1946 జూన్‌లో నేను తీసింది. పెట్టె మూల కనబడేటట్టు నిలబడి తీశాను. అయితే ఏం లాభం, కొసగోడ నిచ్చెనకి సరిగ్గా అడ్డంగా మీ చెల్లెలు నిలబడింది. లూయెల్లా కొత్త గౌను, చేతిలో టోపీ, నవ్వు. ఆ రోజున నాకు నిచ్చెన కనబడలేదులే.

ఇప్పుడు ఆ నిచ్చెన కావాలి. మెట్లు ఎన్ని, దేంతో బిగించారు, అంతే నేనడిగేది. జూన్‌లో పోటీ. మా జడ్జీలు ప్రతి మేకుకీ కాగితం అడిగే రకం.

నీ బావ,
ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్, పెన్సిల్వేనియా
అక్టోబరు 21

ఎల్వుడ్ బావా,

నీ కళ్ళ సంగతి విని బాధేసింది. క్యారెట్లు తిను. మా పక్కింటావిడ అంటుంది, నాకైతే నమ్మకం లేదు.

ఇక్కడ అప్పుడే మంచు పడింది. మోకాలు ఒకటే పోటు. బీన్సు చాలా కాశాయి, పది సీసాల్లో ఊరబెట్టాను. నీకు రెండు పంపిస్తాను.

పెట్టె సంగతి అడిగావు. ముప్పై ఆరేళ్ళయింది, నాకేం గుర్తుంటుంది? ఆ షాపులో వందల పెట్టెలు చూశాను. వేరే లైను పెట్టె ఏదైనా కట్టుకోరాదూ. పెద్ద కంపెనీలవైతే పుస్తకాల్లో బొమ్మలు కూడా ఉంటాయి కదా.

అంబ్రోస్


జేన్స్‌విల్
నవంబరు 9

బావా,

బీన్సు అందాయి. ఒక సీసా దారిలో పగిలి, నీ ఉత్తరం తప్ప అన్నీ తడిశాయి. ఆ ఉత్తరమే తడిసినా పోయేదేం లేదు, అందులో ఏముంది గనక!

గుర్తులేదంటావా? పోయిన ఏడాది లూయెల్లా సంవత్సరీకం రోజున నా వంటింట్లో కూర్చుని, 1938లో కట్టిన బొగ్గుపెట్టెకి తలుపు గొళ్ళెం ఎడమవైపు ఎందుకు పెట్టాల్సొచ్చిందో గంటన్నర చెప్పావు. ఆపిల్ పై చల్లారిపోయింది, నేను చెవులప్పగించి విన్నాను. అలాంటివాడికి నిచ్చెన మెట్లు గుర్తులేవంటే నేను నమ్మాలా?

ఇక్కడ నా అవస్థ విను. పక్కగోడకి డెబ్భై రెండు పలకలు, ఒక్కొక్కటీ అగ్గిపుల్లంత వెడల్పు. అతికించి, రంగు వేసి, ఆరబెట్టాను. తెల్లారి చూస్తే హీటరు వేడికి అంతా అప్పడంలా వంగి కూర్చుంది. పీకేసి మళ్ళీ చేశాను. ఈసారి కంటి మధ్య మచ్చలో ఒక పలక దాక్కుంది. అది లేకుండానే గోడ పూర్తి చేసేశాను! పక్కింటి డాక్టరు భార్య ఆపిల్ పై తీసుకొచ్చి, 'ఇక్కడ సందు ఎందుకుంది, ఎల్వుడ్ గారూ?' అనేదాకా నాకు తెలియలేదు. ఆవిడ ముందు నవ్వాను. ఆవిడ వెళ్ళాక గోడని చెత్తబుట్టలో పడేశాను. కాసేపయ్యాక నేనే మళ్ళీ ఏరుకున్నాను.

వేరే పెట్టె కట్టుకోమన్నావు. కట్టను. ఆ ఫోటోలో ఉన్నదే కడతాను. నా దగ్గర ఉన్న కన్ను అర కన్ను, దాన్ని ఎవరో ముక్కూముఖం తెలియని కంపెనీ పెట్టె మీద ఖర్చు చేయను.

నిచ్చెన. మెట్లు. బిగింపు. చెప్పు.

ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్
డిసెంబరు 14

ఎల్వుడ్ బావా,

ప్రాణం తీస్తున్నావు. అటక మీద పెట్టెలో కొసగోడ గీతకాగితం దొరికింది. పంపిస్తున్నాను. మెట్లు ఏడు. ఒక్కో మెట్టుకి రెండు బోల్టులు, పలకలోంచి అవతలికి దిగి, బయట నట్టు. చట్టం ప్రకారం అలాగే ఉండాలి. కాగితంలో ఉన్నట్టు కట్టుకో.

ఇంకేమీ అడగకు. కాగితం తిరిగి పంపక్కర్లేదు.

క్రిస్మస్ శుభాకాంక్షలు. కుక్క కరిచింది, మాది కాదు, ఎదురింటివాళ్ళది. ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను.

అంబ్రోస్


జేన్స్‌విల్
1983 ఫిబ్రవరి 6

బావా,

కాగితం అందినప్పుడు నిన్ను ముద్దుపెట్టుకోవాలనిపించింది. కుక్క ఎలా ఉంది? నిన్ను కరిచాక బతికే ఉందా?

కొసగోడ పూర్తయింది. ఏడు మెట్లు, ఇత్తడి తీగ వంచి చేసినవి. పద్నాలుగు నట్టులు. ఒక్కో నట్టు మధ్యలోంచి బోల్టు కొస కొంచెం పైకి కనబడాలి కదా, అది బొంబాయి రవ్వలో సగం కూడా ఉండదు. కంటికి భూతద్దం బిగించుకుని, మచ్చని పక్కకి తప్పించి, ఓరగా చూస్తూ ఒక్కొక్కటీ దిగేశాను. రెండు ఎగిరి తివాచీలో పడ్డాయి. మోకాళ్ళ మీద మూడు గంటలు వెతికాను. ఒకటి దొరికింది. రెండోది నా చొక్కా చేతి మడతలో ఉంది, ఆదివారం చర్చిలో దొరికింది! గట్టిగా 'హమ్మయ్య' అన్నాను, పాస్టరు ప్రసంగం ఆపి చూశాడు.

ఇదంతా అయ్యాక ఒక పని చేశాను, చేయకుండా ఉండాల్సింది. ఆ పాత ఫోటో నెగటివు ఊళ్ళో స్టూడియోకి ఇచ్చి బల్లంత పెద్దది చేయించాను. యుద్ధం నుంచి వస్తూ తెచ్చిన కెమెరా కదా, బొమ్మ గాజులా ఉంది. లూయెల్లా మోచేతికీ నడుముకీ మధ్య సందులో నిచ్చెన కనబడుతోంది, కింద నుంచి రెండు మెట్లూ, మూడో మెట్టూ. మొదటి రెండింటికీ నట్టులున్నాయి, కొసలు పైకి ఉన్నాయి. మూడోదానికి లేవు. నున్నగా, నలుచదరంగా రెండు తలలు, అంతే. అవి నట్టులు కావు బావా, చెక్కలోకి తిప్పి దిగేసే స్క్రూలు. గడియారాలవాణ్ణి, నాకు స్క్రూ తలకీ నట్టుకీ తేడా చెప్పక్కర్లేదు.

కాగితం ఒకటి చెబుతోంది, ఫోటో ఒకటి చెబుతోంది. ఏది నిజం?

ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్
ఫిబ్రవరి 15

ఎల్వుడ్,

అది ఫోటో మీద మరక. లేదా నీ కంట్లో మరక. గీతకాగితం పంపాను, దాని మీద నా సంతకం ఉంది. అది చాలకపోతే నీ పెట్టె నీ ఇష్టం. ఈ సంగతి మళ్ళీ ఎత్తితే ఉత్తరం విప్పను.

అంబ్రోస్


జేన్స్‌విల్
మార్చి 2

బావా,

విప్పుతావులే. నీకు ఉత్తరాలు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.

మరక కాదు. మరకలు జంటగా, మెట్టుకి అటొకటి ఇటొకటి, కొలిచినట్టు పడవు. నాకెందుకు కోపమో తెలుసా? నీకు తెలుసు, నాకు చెప్పడం లేదు. నేనేమో రోజుకో ఇంచీ చూపు పోగొట్టుకుంటూ ఇక్కడ కూర్చున్నాను. పోయిన వారం ఉప్పుడబ్బా, పంచదార డబ్బా తేడా తెలియక కాఫీ ఉమ్మేశాను.

మా పనిలో మొదటి నియమం ఒకటుంది. పెట్టె కట్టేముందు తేదీ పెట్టుకోవాలి. పెట్టెలు మారుతుంటాయి కదా, రంగు వేస్తారు, పలక మారుస్తారు. ఏ రోజున ఎలా ఉందో ఆ రోజుదే కట్టాలి. నా తేదీ 1946 జూన్, లూయెల్లా దాని పక్కన నిలబడిన రోజు. ఆ రోజున మూడో మెట్టుకి ఏముంది? తర్వాత మార్చారా? మారిస్తే మార్చామని ఒక్క ముక్క రాయి. ఇందులో నీ సొమ్మేం పోతుంది?

ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్
ఏప్రిల్ 17

ఎల్వుడ్ బావా,

నీ ఉత్తరం ఆరు వారాలు బల్ల మీద పెట్టుకున్నాను. ఐదుసార్లు జవాబు రాసి చించేశాను. నువ్వు తేదీ అని అడగకపోతే ఇదీ చించేసేవాణ్ణే.

నీ ఫోటో నిజం. నా కాగితం కూడా నిజమే, నవంబరు తర్వాత.

ఆ పన్నెండు పెట్టెలూ మే నెలాఖరుకి బయటికి పోవాలని పైనుంచి ఒకటే గొడవ. మూడో మెట్టు వెనకాల గోడ లోపల ఒక నిలువు దిమ్మ ఉంటుంది. దాన్ని కూడా దాటాలంటే పొడుగు బోల్టులు కావాలి. అవి రాలేదు. పది రోజుల్లో వస్తాయన్నారు. నేను 'సరే, అప్పటిదాకా స్క్రూలు దిగేయండి' అన్నాను. మేస్త్రీని నేనే, మాట నాదే, ఇంకెవరి మీదా తోయను. బోల్టులు వచ్చాయి. పదకొండింటికి మార్చాను. 317 మాత్రం లైను మీద ఎక్కడో తిరుగుతోంది. వచ్చినప్పుడు చూద్దాం అనుకున్నాను. వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. నాకు గుర్తురాలేదు.

నవంబరులో హోబర్ట్ యేట్స్ అని ఇరవై ఏళ్ళ బ్రేక్‌మన్, పెట్టెలెక్కి చేతి బ్రేకులు తిప్పే కుర్రాడు, కదులుతున్న 317 ఎక్కుతుంటే మూడో మెట్టు ఊడింది. వాన, తడిసిన చెక్క. ఎడమ కాలు చక్రం కింద పడింది.

ఇప్పుడు అసలు మాట రాస్తున్నాను. ఇన్‌స్పెక్టరు మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. నేను పొద్దున్నే వెళ్ళాను. పట్టాల పక్కన పడిన మెట్టు తీసుకుని, పొడుగు బోల్టులు వేసి, నట్టు బిగించి, దాని మీద మసి పూశాను. ఇన్‌స్పెక్టరు పట్టుకుని ఊగి చూశాడు. గట్టిగా ఉంది. 'మనిషి అజాగ్రత్త, జారాడు' అని రాసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. పిల్లాపాపలు, ఉద్యోగం అనుకున్నాను. ఏవో అనుకున్నానులే.

హోబర్ట్ ఇక్కడే ఉన్నాడు. మంగలి షాపు. కర్రకాలు కాబట్టి ఎత్తు స్టూలు మీద కూర్చుని క్షవరం చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా నెలకోసారి నేను ఆయన దగ్గరికే వెళ్తున్నాను. నా తల మీద గొరిగేందుకు ఏముంది? అయినా వెళ్తాను. ఆయన ప్రతి కొత్తవాడికీ ఆ కథ చెబుతాడు. 'ఆ రోజు బూట్లకి సబ్బు రాసుకుని వెళ్ళానండీ, సర్రున జారాను' అంటాడు. షాపంతా నవ్వుతుంది. మెడ మీద కత్తి పెట్టించుకుని నేనూ నవ్వుతాను.

నువ్వు అబద్ధం పెట్టె కట్టకు. స్క్రూలే పెట్టు. ఈ ఉత్తరం నీ జడ్జీలకి చూపించు.

అంబ్రోస్


జేన్స్‌విల్
జూన్ 20

బావా,

రెండు నెలలు రాయనందుకు తిట్టుకుని ఉంటావు. ఏం రాయాలో తెలియలేదు. నీ మీద కోపం వచ్చింది, జాలి వచ్చింది, మళ్ళీ కోపం వచ్చింది. ఆ మూడో మెట్టు నట్టులు రెండూ పీకి, స్క్రూ తలలు పెట్టాను. ఆ రెండింటికే తొమ్మిది రోజులు పట్టింది. చూపు అంత దిగింది.

పోటీ అయింది. ఎనభై ఆరున్నర.

అవును, ఒక్క మార్కు తక్కువ. పెద్ద జడ్జి టటిల్ గారని ఒకాయన ఉన్నాడు, చేతిలో భూతద్దం, నోట్లో పిప్పరమెంటు. పెట్టె కింద అద్దం పెట్టి చూశాడు, బ్రేకు గొలుసు లెక్కపెట్టాడు, 'బ్రహ్మాండం' అన్నాడు. కొసగోడ దగ్గరికొచ్చి ఆగాడు. 'మీరిచ్చిన గీతకాగితంలో నట్టులున్నాయి, ఇక్కడ స్క్రూలున్నాయి. దేని ఆధారంగా?' అన్నాడు. ఫోటో చూపించాను. 'అమ్మాయిగారి మోచేయి బాగా కనబడుతోంది గానీ ఇది చాలదండీ, ఇంకేమైనా కాగితం ఉందా?' అన్నాడు.

నీ ఉత్తరం నా కోటు లోపలి జేబులో ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది కూడా. తీయలేదు. నలభై మంది గుమిగూడి ఉన్నారు. నువ్వు లూయెల్లా అన్నవి, నిన్ను అక్కడ గుడ్డలిప్పి నిలబెట్టలేకపోయాను. 'లేదండీ' అన్నాను. ఒకటిన్నర మార్కులు కొట్టేశాడు.

ఇంటికొచ్చి పట్టకారులన్నీ సొరుగులో పెట్టి తాళం వేశాను. పదకొండేళ్ళు! రెండు చుక్కల దగ్గర పోయింది. నీ పరువైనా దక్కింది, అది చాలనుకుంటాను. అనుకోవడానికి ప్రయత్నిస్తున్నాను.

ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్
జూన్ 27

ఎల్వుడ్,

నా పరువు దాచమని నిన్నెవడు అడిగాడు?

ఆ ఉత్తరం రాయడానికి నాకు ముప్పై ఆరేళ్ళు పట్టింది. రాసి పోస్టు డబ్బాలో వేసొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఎవరో ఒకరు పైకి చదువుతారు, అయిపోతుంది అనుకున్నాను. నువ్వేమో దాన్ని జేబులో పెట్టుకుని 'లేదండీ' అన్నావు! నేను మసి పూశాను, నువ్వు దాని మీద ఇంకో పూత పూశావు. మా చెల్లెలు ఉంటే నీ చెవి మెలిపెట్టేది.

జడ్జీలకి చదివించి తప్పించుకుందామనుకోవడం కూడా నా పిరికితనమేలే. వినాల్సిన మనిషి రెండు వీధుల అవతల ఉన్నాడు.

ఆ పెట్టె నాకు పంపు. మళ్ళీ ఎప్పుడు చూపించాలో రాయి, అప్పటికి తిరిగి వస్తుంది.

అంబ్రోస్


జేన్స్‌విల్
జులై 8

బావా,

నువ్వు తిట్టింది సబబే. అందుకే ఇంకా కోపంగా ఉంది.

పెట్టె వస్తోంది. దూదిలో, దాని మీద ఉన్నిగుడ్డలో, దాని మీద రొట్టెలడబ్బాలో పెట్టాను. పైకప్పు పట్టుకోకు, నిచ్చెన పట్టుకోకు, అసలు పట్టుకోకు. కింద రెండు చేతులూ పెట్టి ఎత్తు. కొత్త ఆధారం దొరికితే అక్టోబరు 15న ఇక్కడ సంఘం సమావేశంలో మళ్ళీ చూస్తారట. అదే ఆఖరుసారి. అప్పటికి నాకు ఎదుటి మనిషి ముక్కు కనబడితే గొప్ప. మళ్ళీ కట్టడం నా వల్ల కాదు, తెలుసు కదా? అది ఒక్కటే ఉంది.

ఎల్వుడ్


కోల్డ్ ఫోర్క్
ఆగస్టు 11

ఎల్వుడ్ బావా,

వెళ్ళాను. మంగళవారం పొద్దున, షాపులో ఇంకొకాయన మాత్రమే ఉన్నాడు.

కుర్చీలో కూర్చోబోతూ డబ్బా విప్పి, దువ్వెనల పక్కన పెట్టాను. హోబర్ట్ మొహం విప్పారింది. 'అరే, మా 317!' అన్నాడు. స్టూలు దొర్లించుకుంటూ వచ్చాడు. తలుపు చూశాడు, బ్రేకు చక్రం చూశాడు, 'ఇది ఎవరు చేశారు మేస్త్రీ గారూ, ప్రాణం పెట్టారే' అన్నాడు. నీకు చెప్పాలని గుర్తుపెట్టుకున్నాను. అవతలాయనతో, 'చూశారా, నన్ను కిందపడేసిన గుర్రం ఇదే, నా బూట్లకి సబ్బు' అని మొదలుపెట్టాడు.

'హోబర్ట్, మూడో మెట్టు చూడు' అన్నాను.

మొత్తం చెప్పాను. గట్టిగానే చెప్పి ఉంటాను, నాకు సరిగ్గా వినబడదు కదా, ఎంత గట్టిగా మాట్లాడానో తెలియదు. అవతలాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

హోబర్ట్ నా మెడకి గుడ్డ కట్టాడు. క్షవరం మొదలుపెట్టి ఎప్పట్లా మొత్తం చేశాడు, చెవుల వెనక కూడా. మెడ మీద వెంట్రుకలు బ్రష్‌తో దులిపాడు. తర్వాత అద్దంలో నన్ను చూస్తూ పెదవులు కదిపాడు. నేను చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ గట్టిగా అన్నాడు: 'అయితే నేను జారలేదు.'

'లేదు' అన్నాను.

'మా ఆవిడ పోయేదాకా నన్ను తిడుతూనే ఉంది, చూసుకుని ఎక్కి ఉండాల్సిందని. నేను సరేననేవాణ్ణి. చేతిలో ఇనుము ఉన్నట్టు నాకు గుర్తు. అది నా భ్రమ అనుకున్నాను ఇన్నాళ్ళూ.'

నేను క్షమించమన్నాను. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. 'ఇక ఇక్కడికి రాకండి మేస్త్రీ గారూ. పెట్టె మాత్రం వదిలి వెళ్ళండి' అన్నాడు.

అక్టోబరు 15, జేన్స్‌విల్, మా బావకి అది కావాలి అని చెప్పాను. తలుపేశాడు.

నీ పెట్టె పోయింది బావా. దాన్ని వెనక్కి అడిగే మొహం నాకు లేదు.

అంబ్రోస్


జేన్స్‌విల్
ఆగస్టు 19

బావా,

నాలుగు రోజులు నిన్ను తిట్టుకుంటూ ఇల్లంతా తిరిగాను, బల్ల తగిలి మోకాలు కొట్టుకుపోయింది. తర్వాత ఆయన దగ్గర్నుంచి దాన్ని ఎవరు అడుగుతారు అనుకున్నాను. నేనూ అడగను.

సమావేశానికి ఊరికే వెళ్ళి కాఫీ తాగి వస్తాను.

ఎల్వుడ్


జేన్స్‌విల్
అక్టోబరు 18

అంబ్రోస్ బావా,

లావు మార్కరుతో, పేజీకి ఎనిమిది లైన్లు చొప్పున రాస్తున్నాను. ఈ ఉత్తరం కట్ట చూసి పోస్టాఫీసావిడ పుస్తకం రాశారా అని అడుగుతుంది. నువ్వెలాగూ ముందు మార్కులు ఎంతని వెతుకుతావు కాబట్టి చెప్పేస్తున్నాను, ఎనభై ఎనిమిది. పట్టా వచ్చింది. గోడకి వేలాడుతోంది. నాకు గోడా పట్టా ఒకేలా కనబడుతున్నాయి గానీ, ఉంది.

జరిగింది విను. హాల్లో వెనక కుర్చీలో కాఫీ పట్టుకుని ముఖం మాడ్చుకుని కూర్చున్నాను. నేల మీద టక్, టక్ అని చప్పుడు దగ్గరికొచ్చింది. 'ఎల్వుడ్ గారు మీరేనా?' అన్నారు ఎవరో. మంగలి షాపులో వేసే పౌడరు వాసన. రెండు బస్సులు మారి, ఒళ్ళో తెల్లగుడ్డ చుట్టిన డబ్బాతో వచ్చాడు బావా! నిచ్చెన పట్టుకోలేదు, పైకప్పు పట్టుకోలేదు. నీకంటే నయం.

పెట్టె తీసుకెళ్ళి జడ్జీల బల్ల మీద ఆయనే పెట్టాడు. ఈసారి నీ ఉత్తరం జేబులోంచి తీసి టటిల్ గారి చేతిలో పెట్టాను, పైకి చదవమన్నాను. చదివాడు. అంతా చదివి ఆ మహానుభావుడు ఏమన్నాడో తెలుసా? 'ఇది చాలా బాధాకరం ఎల్వుడ్ గారూ, కానీ రాసినాయన మీ భార్యకి అన్నగారు. బంధువుల కాగితం ఒక్కటే ఆధారంగా తీసుకోకూడదని రూలు' అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చింది అనబోతున్నాను.

అప్పుడు ఠక్ ఠక్ మని చప్పుడు, తలుపు కొట్టినట్టు. హోబర్ట్ గారు ప్యాంటు పైకి లాగి, తన కర్రకాలి మీద వేళ్ళతో కొడుతున్నాడట. పక్కనున్నవాళ్ళు చెప్పారు. 'ఇది చాలుతుందా అండీ?' అన్నాడు.

టటిల్ గారు పిప్పరమెంటు మింగేసి ఉంటాడు, దగ్గొచ్చింది. అయినా వదల్లేదు. 'మన్నించండి సార్, రాతలో ఉండాలి' అన్నాడు. నేను బల్ల గుద్దాను. హోబర్ట్ గారు మాత్రం శాంతంగా, 'కాగితం ఇవ్వండి' అన్నాడు. కూర్చుని చాలాసేపు రాశాడు. ఏం రాశాడో నాకు చదివి వినిపించారు. '1946 నవంబరులో 317 మూడో మెట్టు రెండు స్క్రూలతో సహా ఊడి నా చేతిలోకి వచ్చింది. నేను జారలేదు.' అంతే, రెండు వాక్యాలు, కింద సంతకం.

నీకేమైనా చెప్పమంటారా అని అడిగాను బావా. 'ఏమీ లేదు' అన్నాడు. నీ దగ్గర దాచడం ఎందుకు, అదే మాట అన్నాడు. పెట్టె మళ్ళీ గుడ్డలో చుట్టుకుని పట్టుకెళ్ళాడు, నేనే తీసుకెళ్ళమన్నాను.

కానీ వెళ్ళేముందు టటిల్ గారిని ఒకటి అడిగాడు.

'ఈ కాగితం ఏం చేస్తారు?'

'మా ఫైల్లో పెడతామండీ.'

'పారేయరు కదా?'

'లేదండీ. సంఘం ఉన్నన్నాళ్ళూ ఉంటుంది.'

'అయితే ఒకసారి ఇటివ్వండి' అని వెనక్కి తీసుకుని, సంతకం కింద ఇంకో మాట రాసి ఇచ్చాడు. ఏం రాశారని టటిల్ గారిని అడిగాను.

'బ్రేక్‌మన్' అని రాశాడట.

ఎల్వుడ్